తోడు లేకుండా పెరుగు తోడుకుంటుందా?

మొన్న వేసవి సెలవుల్లో మా ఆడపడుచు కూతురు నాలుగు రోజులుండి పోదామని ప్రొద్దుటూరులో మా ఇంటికొచ్చింది. తిరుపతి అవతల ఏర్పేడు దగ్గరున్న ఐసర్‌లో చదువుతోంది ఆ పిల్ల. ఐసర్ అంటే సైన్సు చదువులకని కేంద్ర ప్రభుత్వం పెట్టిన విద్యాసంస్థ. మన రాయలసీమలో అది 2015లో మొదలైంది. రాత్రి భోజనాలయ్యాక నేను పాలు గోరువెచ్చగా చల్లార్చి తోడేస్తుంటే వంటింటి గట్టుకానుకుని చూస్తూ నిలబడింది.

"అత్తా, తోడు లేకుండా పెరుగు చేస్తావా?" అంది ఉన్నట్టుండి.

"ఏం, చేయలేననుకున్నావా? తోడు లేనిరోజు నాలుగు ఎండుమిరపకాయల తొడిమలు వేస్తే తెల్లారేసరికి పేరుకుంటుంది. మా జేజి దగ్గర నేర్చుకున్నా" అన్నాను కాస్త గొప్పగానే.

"ఆ తొడిమలకు కూడా పెరుగు చేసే సూక్ష్మజీవులు అంటుకునే ఉంటాయత్తా. అంటే అదీ తోడే. ఏ ప్రాణీ లేకుండా చేయాల."

"నిమ్మకాయ పిండితే పాలు విరుగుతాయి గానీ పెరుగెట్లా అవుతుంది? అది ఎవరివల్లా కాదు."

"సరిగ్గా అట్లాంటి పనే చేయాలని ప్రపంచంలో చానామంది కూర్చోనుండారు. పెరుగును కాదు, పెరుగు చేసే ఆ ప్రాణిని. ప్రాణం లేని సరుకులు తెచ్చి ప్రాణమున్న కణాన్ని కట్టాలని!"

ముందు నవ్వొచ్చింది. తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు. నేనూ ఒకప్పుడు బైపీసీ చదివినదాన్నే మరి! 1998లో నంద్యాలలో ఇంటరయింది. బాటనీ రికార్డులో కణం బొమ్మ వేసి, మైటోకాండ్రియాకు ఆకుపచ్చ రంగు దిద్దినందుకు మేడం చేత చీవాట్లు తిన్న సంగతి ఇప్పటికీ గుర్తే. కణం నుంచే కణం పుడుతుందని విర్కో అనే జర్మనీ డాక్టరు 1855లో చెప్పినట్టు అప్పుడే బట్టీ పట్టాను. పెరుగులోంచే పెరుగు. అమ్మలోంచే బిడ్డ. అది అంతటితో తీరిన విషయమనే అనుకున్నాను ఇన్నేళ్లూ.

నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం ఉంది. మా చిన్నది పదో తరగతి గట్టెక్కింది. ఇంట్లో రోజూ ఒకటే రభస... ఎంపీసీనా, బైపీసీనా? దానికి లెక్కలంటే ప్రాణం. చీమ కనిపించినా, చెట్టుకు పురుగు పట్టినా గంటసేపు చూస్తూ కూర్చుంటుంది. "రెండూ చదువుతా" అంటుంది. "రెండు పడవల మీద కాళ్లు పెడితే యాడికీ చేరవు" అంటారు మావారు. ఆయన తప్పేం లేదు, లోకం తీరు అదే. నా కాలంలో అయితే ఆ మాత్రం చర్చ కూడా జరగలేదు. ఆడపిల్లకు లెక్కలెందుకని మా పెద్దనాయన ఒక్క మాటతో తేల్చేశాడు. లెక్కల్లో నాకు పదో తరగతిలో 91 వచ్చాయన్న సంగతి ఎవరూ అడగలేదు. డాక్టరు సీటు రాలేదు, మరుసటేడు పెళ్లి.

అందుకే ఆ పిల్ల ఉన్న నాలుగు రోజులూ పనుల మధ్య కూర్చోబెట్టుకుని అడిగాను, ఈ కణం కట్టే విద్య ఎవరు నేర్చుకుంటారు, ఏ గ్రూపు వాళ్లు చేస్తారు అని. ఆమె చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీకు చెబుతున్నాను.

మేకల జబ్బు క్రిమికి కొత్త జాతకం

కణం అంటే గోడలున్న చిన్న సంసారం అనుకోండి. చుట్టూ పలచటి కొవ్వు పొర ప్రహరీ. లోపల డీఎన్ఏ అనే వంటల పుస్తకం. ఆ పుస్తకం చూసి ప్రోటీన్లు వండే రైబోజోములు. పొయ్యి కింద మంట ఉండాలి, బయటి నుంచి సరుకు రావాలి, చెత్త బయటికి పోవాలి. పిల్లలు పెద్దయితే ఇల్లు రెండుగా విడిపోవాలి కూడా. ఇదంతా జరిగేది మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉండే చోట. సూదిమొన మీద ఇలాంటి సంసారాలు బోలెడు పడతాయి.

2010లో అమెరికాలో క్రెయిగ్ వెంటర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక పని చేసింది. మేకలకు జబ్బు తెచ్చే మైకోప్లాస్మా అనే క్రిమి వంటల పుస్తకాన్ని... అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని, పది లక్షల పైచిలుకు అక్షరాలను, రసాయనాలతో కొత్తగా తయారు చేసింది. దానికి దగ్గరి బంధువైన మరో మైకోప్లాస్మా కణంలో ఆ పుస్తకాన్ని పెట్టింది. పాత ఇంట్లో కొత్త పుస్తకం చూసి వంట మొదలైంది! కొన్నాళ్లకు ఆ ఇల్లు కూడా కొత్త పుస్తకంలో రాసినట్టే మారిపోయింది. కృత్రిమ జీవి పుట్టిందని ప్రపంచమంతా పత్రికలు గోల చేశాయి. మా జేజి బతికుంటే, "ఇల్లు పాతదే కదమ్మా, తోడు యాడికి పోయింది?" అని అడిగుండేది. నిజమే, అక్కడా తోడు ఉంది.

2016లో అదే బృందం ఆ పుస్తకంలో అక్కర్లేని పేజీలన్నీ చించేస్తూ పోయి, ఇంతకంటే తగ్గిస్తే బతకదు అన్నంత వరకు తెచ్చింది. 473 జన్యువులు మిగిలాయి. మనిషికైతే దాదాపు 20 వేలు. ఇక్కడే నాకు భలే ముచ్చటేసిన సంగతి ఒకటుంది. ఆ 473లో 149 జన్యువులు ఏ పని చేస్తాయో అప్పటికి వాళ్లకే తెలియదు! లేకపోతే మాత్రం కణం బతకదు. అత్తగారి వంటలో ఒక చిటికెడు ఏదో పడుతుంది, ఏమిటో చెప్పదు, అది లేకపోతే ఆ రుచి రాదు... అచ్చం అట్లాగే. పైగా ఆ చిక్కిపోయిన కణం విడిపోయేటప్పుడు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా అడ్డదిడ్డంగా విడిపోయేది. 2021లో 19 జన్యువులు తిరిగి చేర్చాక గాని చక్కగా గుండ్రంగా విడిపోవడం రాలేదు. అందులో 7 జన్యువులే అసలు ఆ పనికి కావలసినవని తేల్చారు.

ఉన్న ఇంటిని బాగుచేసే ఈ పద్ధతి ఒకటి. అసలు ఇటుక దగ్గర్నుంచి కట్టడం ఇంకొకటి. మా మేనకోడలు చెప్పింది ఆ రెండోదాని గురించి. అది ఇంతవరకు ఎవరివల్లా పూర్తి కాలేదు. మన దేశంలో అలహాబాదులో కృష్ణ బహదూర్ అనే రసాయన శాస్త్రవేత్త 1963లోనే, ఎండలో పెట్టిన రసాయన ద్రావణాల్లో 'జీవాణువులు' తయారయ్యాయని ప్రకటించాడు. పేరు బాగుంది గాని వాటికి నిజంగా జీవముందని శాస్త్ర ప్రపంచం ఒప్పుకోలేదు.

మా బోరు నీళ్లూ, వాళ్ల బుడగా

ఇటుక ఇటుకా పేర్చడంలో ఉన్న తంటా ఏమిటో నాకు అర్థమైంది బట్టలు ఉతికేటప్పుడు.

మన కడప, కర్నూలు వైపు బోరు నీళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సబ్బు బిళ్ల అరిగిపోతుంది గాని నురగ రాదు. బకెట్టు అంచుకు తెల్లటి తెట్టె. పప్పు ఉడకదు, గ్యాసు అయిపోతుంది. కుళాయికి గార పట్టి రెండేళ్లకోసారి మార్చాలి. నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం చేసే పని ఇదంతా. సబ్బు అంటే నూనెలోని కొవ్వు ఆమ్లాలతో చేసిందే కదా! మెగ్నీషియం తగలగానే ఆ కొవ్వు ఆమ్లాలు దానితో అతుక్కుపోయి తెట్టెగా విడిపోతాయి.

ఇప్పుడు వాళ్ల పని చూడండి. మొట్టమొదటి కణాల పొర ఇలాంటి కొవ్వు ఆమ్లాలతోనే ఏర్పడి ఉంటుందని కొందరి ఊహ. కొవ్వు ఆమ్లాలను నీళ్లలో సరైన తీరున కలిపితే వాటంతటవే బుడగలవుతాయి. బాగుంది. ఆ బుడగలో ఆర్ఎన్ఏ అనే అక్షరాల గొలుసును పెట్టి దానికి నకలు తీయాలి. నకలు తీయాలంటే మెగ్నీషియం కావాలి, అదీ దండిగా కావాలి. మెగ్నీషియం వేస్తే బుడగ తెట్టె కట్టి నాశనం! బుడగ ఉంటే నకలు లేదు, నకలు తీస్తే బుడగ లేదు. వేడి పాయసంలో బెల్లం వేస్తే పాలు విరిగిపోయినట్టు. పాలూ మంచివే, బెల్లమూ మంచిదే, రెండింటినీ కలపడం దగ్గరే ఉంది ఒడుపంతా.

ఈ ముడి విప్పింది కేట్ అడమలా అనే ఆవిడ. పోలండులో పుట్టి, కెమిస్ట్రీ చదివి, అమెరికాలో నోబెల్ బహుమతి పొందిన జాక్ షోస్టాక్ దగ్గర పరిశోధన చేసింది. 2013లో వాళ్లిద్దరూ ఆ బుడగల నీళ్లలో సిట్రేటు కలిపారు. సిట్రేటంటే ఇంకేమీ కాదండీ, మన నిమ్మ ఉప్పు జాతిదే! గార పట్టిన గిన్నెలో నిమ్మ ఉప్పు వేసి మరిగిస్తే శుభ్రపడుతుందని మనకు తెలుసు. అది మెగ్నీషియాన్ని చేయి పట్టుకుని ఉంటుంది. బుడగ జోలికి పోనివ్వదు, నకలు తీసే పనికి మాత్రం అడ్డం రాదు. బుడగా నిలిచింది, నకలూ వచ్చింది.

ఇది చెప్పి మా మేనకోడలు ఒక మాటంది. "జీవశాస్త్రం ఒక్కటే చదివినవాళ్లు ఆర్ఎన్ఏ దగ్గర ఆగిపోతారత్తా. మెగ్నీషియానికీ సిట్రేటుకూ ఉన్న చుట్టరికం తెలియాలంటే కెమిస్ట్రీ కావాల." నేనన్నాను, "కెమిస్ట్రీ వద్దులే, రాయలసీమ బోరు కింద నాలుగేళ్లు బట్టలు ఉతికితే చాలు." ఇద్దరం నవ్వుకున్నాం.

సరే, బుడగ నిలబడింది. ఇప్పుడు చాలామంది వాడేది ఇంకా గట్టి బుడగ, లెసిథిన్ లాంటి కొవ్వులతో చేసింది. లెసిథిన్ కోడిగుడ్డు పచ్చసొనలో ఉంటుంది. చాక్లెట్ కాగితం మీద సోయా లెసిథిన్ అని రాసి ఉంటుంది చూడండి, అదే. 1960ల మొదట్లో ఇంగ్లండులో అలెక్ బ్యాంగమ్ అనే ఆయన అలాంటి కొవ్వును నీళ్లలో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే, లోపల నీళ్లున్న బుడగలు వాటంతటవే కట్టుకుని కనిపించాయి. ప్రహరీ దొరికింది, ఇక లోపలి సంసారం సంగతి. 2001లో జపాన్‌లో తకుయా ఉయెదా బృందం ప్రోటీను వండడానికి కావలసిన భాగాలన్నీ విడివిడిగా శుద్ధి చేసి, లెక్క ప్రకారం కలిపి, కణం లేకుండానే గాజు గొట్టంలో వంట జరిపించింది. దాన్ని 'ప్యూర్' పద్ధతి అంటారు. కణం కట్టాలనుకునే చాలా ప్రయోగశాలల్లో ఇప్పుడు ఇదే ముడిసరుకు.

పోపులడబ్బాలో డబ్బు

ఆ ప్యూర్ పద్ధతిలో వేసే దినుసుల జాబితాలో రెండు పేర్లు చూసి నేను ఆగిపోయాను. ఎటిపి, క్రియాటిన్ ఫాస్ఫేటు. ఈ రెండింటి వెనకా మన తెలుగువాడి చేయి ఉంది!

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ గారు నానా అగచాట్లూ పడి చదివించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారట. మద్రాసులో వైద్యం చదివి, ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922లో అమెరికాలో బోస్టన్ చేరారు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో రోగుల పాన్లు కడిగే పని. హార్వర్డులో ఫిస్క్ అనే ఆయనతో కలిసి పనిచేసి, 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఎటిపినీ కనుగొన్నారు. అదే సమయంలో ఐరోపాలో కూడా ఇతరులు వేరుగా ఈ పదార్థాలను కనిపెట్టారు.

ఎటిపి అంటే మనకు చేతిలో చిల్లర లాంటిది. కణంలో ఏ పనికైనా ఆ చిల్లరే ఇచ్చుకోవాలి. నిమిషాల్లో ఖర్చయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్, అదే క్రియాటిన్ ఫాస్ఫేటు, పోపులడబ్బాలో మనం దాచిపెట్టే డబ్బు. చిల్లర అయిపోగానే అందులోంచి తీసి నింపుతుంది. గాజు గొట్టంలో వంట ఆగిపోకుండా ఉండాలంటే ఈ రెండూ వేయాల్సిందే. అంటే టోక్యోలో అయినా, మినసోటాలో అయినా, ఈ పద్ధతిలో కణం కట్టడానికి కూర్చున్నవాళ్లు మొదట కలిపే సరుకులో భీమవరం అబ్బాయి కనిపెట్టింది ఉంటుందన్నమాట!

ఆయన చదువు కూడా ఒక గ్రూపు చదువు కాదు చూడండి. ఆయుర్వేదం తెలుసు, ఇంగ్లీషు వైద్యం తెలుసు, తర్వాత రసాయనశాస్త్రం నేర్చుకున్నారు. ఆపైన మందుల కంపెనీలో రకరకాల శాస్త్రజ్ఞులను కలిపి నడిపించారు. గర్భిణులకు మనం ఇప్పుడు తప్పకుండా ఇచ్చే ఫోలిక్ ఆమ్లం తయారీ ఆ బృందం పనే. ఆరియోమైసిన్ మందు వచ్చిన 1948లోనే ఆయన కన్నుమూశారు. ఇండియాకు మళ్లీ రానేలేదు. ఆయన భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఇరవయ్యారేళ్లు ఎదురుచూసిన ఆ తల్లి గురించి ఎవరూ రెండు వాక్యాలకు మించి రాయరెందుకో.

రసాయనం సరే, ఇందులో ఫిజిక్సుకు, లెక్కలకు ఏం పని అని మావారు అడిగారు. పక్క గదిలోంచి వింటూనే ఉన్నారన్నమాట! దానికీ జవాబుంది. కణం రెండుగా విడిపోవాలంటే నడిమధ్య ఎక్కడో దానికి తెలియాలి. జర్మనీలో పెట్రా ష్విల్లే అనే ఫిజిక్సు ఆవిడ బృందం 2008లో, సూక్ష్మజీవి నడిమధ్యను గుర్తించడానికి వాడే రెండు ప్రోటీన్లను తీసుకుంది. కణం లేదు, ఏమీ లేదు. ఒక కొవ్వు పొర పరిచి, దానిమీద ఆ రెండు ప్రోటీన్లు, కాస్త ఎటిపి వేసింది. అంతే, వాటంతటవే అలలు అలలుగా కదలడం మొదలుపెట్టాయి. చెరువులో రాయి వేసినట్టు! అలల లెక్క ఫిజిక్సు వాళ్లదే కదా. మావారు ఏమీ అనకుండా పేపరు తిప్పుకున్నారు.

అందరికీ అన్నీ

మరి ఈ పనికి పిల్లల్ని ఎట్లా తయారు చేస్తారు?

జర్మనీలో 'మ్యాటర్ టు లైఫ్' పేరుతో మాక్స్ ప్లాంక్ వాళ్లు 2019లో ఒక బడి మొదలుపెట్టారు. పేరుకు అర్థం 'పదార్థం నుంచి ప్రాణం దాకా'. హైడల్‌బర్గ్, గొట్టింగెన్, మ్యూనిక్ ఊళ్లలోని విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఒకే దారిలో. ఫిజిక్సు పిల్లలు, కెమిస్ట్రీ పిల్లలు, బయాలజీ పిల్లలు ఒకే గదిలో కూర్చుని ఒకరి విద్య ఒకరు నేర్చుకోవాలి. నెదర్లాండ్స్‌లో 2017లో ఆరు సంస్థలు కలిసి, కృత్రిమ కణం కట్టడానికే పదేళ్ల పథకం పెట్టాయి. ప్రభుత్వం కోటీ 88 లక్షల యూరోలు ఇచ్చింది. దాన్ని నడిపించే మారిలీన్ డోగ్టరోమ్ కూడా ఫిజిక్సు చదివిన మహిళే. మన దేశంలో పుణె ఐసర్‌లో సుధా రాజమణి గారు, మొదటి కణాల పొరలు, ఆర్ఎన్ఏ ఎట్లా పుట్టాయన్న దాని మీద ప్రయోగశాల నడుపుతున్నారు. ఇన్ని చోట్ల ఆడవాళ్లు ముందుండడం చూసి నాకు లోపల్లోపల సంతోషం, చెప్పొద్దూ!

డిగ్రీ పిల్లలకు కూడా ఒక దారి ఉంది. అమెరికాలో ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో 2003లో నెలరోజుల తరగతిగా మొదలై, మరుసటేడు అయిదు జట్లతో పోటీగా మారిన 'ఐజెమ్' అనే దాంట్లో ఇప్పుడు దేశదేశాల విద్యార్థులు పాల్గొంటారు. సూక్ష్మజీవుల జన్యువులను మార్చి ఏదైనా పనికొచ్చేది చేసి చూపాలి. జట్టులో బయాలజీ వాళ్లే కాదు, కంప్యూటరు లెక్కలు వేసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, జనంతో మాట్లాడి వాళ్ల అవసరం తెలుసుకునేవాళ్లు అందరూ కావాలి. తిరుపతి ఐసర్ జట్టు 2021లో పట్టుకెళ్లిన ఆలోచన ఏమిటో తెలుసా? ఆడవాళ్లకు గర్భం రాకుండా, అండం పొరనే గట్టిపరిచే కొత్త పద్ధతి. మాత్రలు మింగి ఒళ్లు పాడు చేసుకున్న మన తరానికి దాని విలువ తెలుస్తుంది. అది ఇంకా ఆలోచనే, బజారులో దొరికే వస్తువు కాదు.

ఐసర్‌లో చేరిన ప్రతి పిల్లా మొదట్లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ నాలుగూ చదవాల్సిందే. బైపీసీ నుంచి వచ్చినవాళ్లు లెక్కల దగ్గర ఏడుస్తారు, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు బయాలజీ పేర్ల దగ్గర ఏడుస్తారు. "ఒకరి కన్నీళ్లు ఒకరం తుడుచుకుంటామత్తా" అంది మా మేనకోడలు. చేరడానికి రాసే పరీక్షలో కూడా 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకు పదిహేనేసి. ఇంటర్లో ఆ నాలుగింట్లో మూడు చదివి ఉంటే రాయొచ్చు. నాలుగోది కూడా వచ్చి ఉంటే ఎంత తేడానో మీరే లెక్కేసుకోండి.

మన హైదరాబాదులో 1997లో శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు ఈస్టు కణాలతో హెపటైటిస్-బి టీకా తయారు చేసి చవకగా అందించారు. ఆ కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు నెల్లూరు జిల్లా మనిషి. ఆయన చదివింది డాక్టరీ కాదు, ఇంజినీరింగు! ఈ ముక్క మావారికి మూడుసార్లు చెప్పాను.

అద్దంలో ప్రాణి

ఇంత చెప్పి, భయపడాల్సిన సంగతి దాచడం ధర్మం కాదు. మా అత్తగారు మొదటిరోజే అడిగారు, "దేవుడి పనిలో వేలు పెడితే ఊరుకుంటాడా?" అని. దేవుడి సంగతేమో గాని, శాస్త్రజ్ఞులే భయపడిన విషయం ఒకటుంది.

ఎడమకాలి చెప్పు కుడికాలికి పట్టదు కదా. ప్రాణుల్లోని అణువులకూ అట్లాంటి కుడిఎడమలున్నాయి. భూమ్మీద ప్రాణులన్నీ ప్రోటీన్లను ఎడమవాటం సరుకుతోనే కడతాయి. అన్నీ తిరగేసి, అద్దంలో బొమ్మలాగా ఒక కణాన్ని కడితే? మన ఒంట్లో కాపలా కాసే వ్యవస్థ దాన్ని గుర్తు పట్టకపోవచ్చు. సూక్ష్మజీవులను తినే వేరే ప్రాణులకూ అది కొరుకుడు పడకపోవచ్చు. 2024 డిసెంబరులో 38 మంది శాస్త్రజ్ఞులు కలిసి, అద్దపు సూక్ష్మజీవిని ఎవరూ తయారు చేయొద్దని ప్రపంచానికి హెచ్చరిక రాశారు. అది చేతనయ్యేందుకు కనీసం ఇంకో పదేళ్లు పడుతుంది, అయినా ఇప్పుడే ఆపాలన్నారు. అందులో బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో పనిచేసే దీపా అగాషే గారున్నారు. మేకల క్రిమి వెంటర్ ఉన్నాడు. నిమ్మ ఉప్పు కేట్ అడమలా కూడా ఉంది. ఆవిడ స్వయంగా ఆ దారిలో పని చేస్తున్నదే! ప్రమాదం అర్థమయ్యాక తన పని తనే మానుకుంది.

అది ప్రమాదమని తేల్చడానికి కూడా కణం తెలిసినవాళ్లు ఒక్కరే సరిపోలేదు. రోగనిరోధకం తెలిసినవాళ్లు, మొక్కలు తెలిసినవాళ్లు, పరిణామం తెలిసినవాళ్లు అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చోవలసి వచ్చింది. మా అత్తగారికి ఇది చెబితే, "చేతిలో ఉన్న పనిని మధ్యలో ఆపినదంటే మంచి పిల్లే" అన్నారు. ఆవిడ నోట మంచి మాట రావడం అరుదు లెండి.

మా మేనకోడలు వెళ్లిపోయిన మర్నాడు చిన్నదాన్ని తీసుకుని కాలేజీలు తిరిగాను. 2025-26 నుంచి మన ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు లెక్కలూ, జీవశాస్త్రం కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. ఇది చాలామంది తల్లులకు తెలియదు, అందుకే రాస్తున్నాను. తెలిసినా పని సులువుగా జరగదు. ఒక కాలేజీలో గుమాస్తా నా మొహం చూడకుండానే "అట్లాంటి గ్రూపు మా దగ్గర లేదమ్మా" అన్నాడు. ఇంకో చోట "పిల్లకు భారమైపోతుంది, మార్కులు తగ్గితే మమ్మల్ని అనొద్దు" అన్నారు. మూడో చోట ప్రిన్సిపాల్ గారు పాపతోనే మాట్లాడారు. ఎందుకు రెండూ అని అడిగారు. అది కాసేపు ఆలోచించి, "పెరుగు ఎందుకు తోడుకుంటుందో బయాలజీ చెప్తుంది సార్, ఎంత సేపట్లో తోడుకుంటుందో లెక్కలు చెప్తాయి" అంది. ఆయన దరఖాస్తు మా ముందుకు జరిపారు.

ఫీజు కట్టేటప్పుడు మావారు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "మొదటి సంవత్సరంలో వెనకబడితే లెక్కలు మాన్పించేస్తా" అని షరతు పెట్టారు. సరేనన్నాను. ఆ రాత్రి పాలు తోడేసి గిన్నె మీద మూత పెట్టాక, దాని లెక్కల పుస్తకం తీసుకుని ముందుగదిలో లైటు కింద కూర్చున్నాను. మొదటి అభ్యాసంలో అయిదు లెక్కలు చేశాను, ఆరోది రాలేదు. పొద్దున్నే లేచి చూస్తే, నా కాగితం మీదే దాని కింద ఎర్ర ఇంకుతో ఆరో లెక్క చేసి పెట్టి ఉంది. పక్కన రాసింది, "మా, మూడో దాంట్లో గుర్తు తప్పు వేశావు."